ఏ ఒడ్డు చదువు? పాతపట్నం పిల్లల పైచదువుల చరిత్ర

ఇంటర్మీడియట్ ముగించిన పిల్లవాడిని ఏ విశ్వవిద్యాలయంలో చేర్చాలన్న ప్రశ్న ఆంధ్రదేశంలో చాలా ఊళ్ళలో ఏ కోర్సులో చేర్చాలన్న ప్రశ్నలోనే కలిసిపోతుంది. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు అంచున, మహేంద్రతనయ ఏటికి చేరువలో ఉన్న పాతపట్నంలో మాత్రం అది ఏ రాష్ట్రంలో చేర్చాలన్న ప్రశ్నగా మారుతుంది. ఊరు దాటి కొద్ది కిలోమీటర్లు పోతే ఒడిశాలోని పర్లాకిమిడి వస్తుంది. అక్కడి కాలేజీ చదువు బరంపురం విశ్వవిద్యాలయం పట్టాకు దారి తీస్తే, ఇవతలి ఒడ్డు చదువు తరతరాలుగా విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం వైపు నడిపించింది. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే, రెండూ పెద్దవే. పాతపట్నం నుంచి చూస్తే రెండూ నూరు కిలోమీటర్లకు పైబడిన దూరంలో, ఒకటి దక్షిణాన, మరొకటి ఉత్తరాన ఉన్నాయి. ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవడం పైకి పిల్లవాడి ఇష్టానికీ తల్లిదండ్రుల తాహతుకూ సంబంధించిన విషయంగా కనిపించినా, నూట పాతికేళ్ళకు పైబడిన చరిత్రను తిరగేస్తే, ఆ ఎంపికలో ఎక్కువ భాగాన్ని ఒక రైలుమార్గం, ఒక రాష్ట్ర సరిహద్దు, ఒక రాష్ట్రపతి ఉత్తర్వు ముందే తేల్చి పెట్టాయని, ఇంటి పెద్దలకు మిగిలిన పనల్లా ఆ గీతలు ఎక్కడెక్కడ ఉన్నాయో తెలుసుకొని పిల్లవాడిని వాటి మధ్య నుంచి నడిపించడమేనని తెలుస్తుంది.

మొదట్లో ఎంచుకోవడానికి రెండోది లేదు. 1857లో స్థాపితమైన మద్రాసు విశ్వవిద్యాలయం దక్షిణాదికంతటికీ పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థగా మాత్రమే చాలాకాలం పనిచేసింది. పాఠాలు చెప్పే పని దానికి అనుబంధంగా ఉన్న కాలేజీలది. మెట్రిక్యులేషన్ గట్టెక్కినవాడు రెండేళ్ళు చదివి ఎఫ్.ఏ. అనే పరీక్షకు, మరో రెండేళ్ళు చదివి బి.ఏ.కు కూర్చునేవాడు. ఎఫ్.ఏ. వరకే చెప్పగలిగిన కాలేజీని సెకండ్ గ్రేడ్ కాలేజీ అనీ, బి.ఏ. దాకా చెప్పగలిగినదాన్ని ఫస్ట్ గ్రేడ్ కాలేజీ అనీ పిలిచేవారు. ఉత్తర సర్కారులో ఇటువంటి కాలేజీలు జమీందారుల, దాతల చలవతో లేచినవే ఎక్కువ. విజయనగరంలో 1857లో పాఠశాలగా మొదలైన మహారాజా కళాశాల 1879లో కాలేజీ అయింది, విశాఖపట్నంలోని ఏ.వి.ఎన్. కళాశాల కూడా ఆ కాలానిదే. పర్లాకిమిడి రాజావారి హైస్కూలు 1896లో సెకండ్ గ్రేడ్ కాలేజీగా ఎదిగింది. అప్పటికి పాతపట్నం, పర్లాకిమిడి రెండూ ఒకే జమీందారీలో, ఒకే గంజాం జిల్లాలో, ఒకే మద్రాసు రాజధానిలో ఉన్నాయి కాబట్టి, ఏరు దాటి ఎఫ్.ఏ. చదవడమంటే పొరుగూరికి పోయి రావడమే తప్ప పరాయిచోటికి పోవడం కాదు. బి.ఏ. కావాలనుకున్నవాడు మాత్రం విజయనగరమో, రాజమహేంద్రవరమో, స్తోమత ఉంటే మద్రాసో చేరవలసి వచ్చేది.

ఆ ప్రయాణాన్ని సాధ్యం చేసినది రైలు. బెజవాడ నుంచి కటకం దాకా కోస్తా వెంబడి వేసిన రైలుమార్గం 1893–96 మధ్యకాలంలో దశలవారీగా పూర్తయింది. దాని మీద ఉన్న నౌపడ దగ్గర నుంచి పర్లాకిమిడికి రాజా గౌరచంద్ర గజపతి నారాయణదేవ్ సొంత ఖర్చుతో ఒక చిన్న రైలుమార్గం వేయించగా, అది 1900 ఏప్రిల్ 1న నడవసాగింది. పట్టాల మధ్య వెడల్పు రెండున్నర అడుగులే ఉన్న ఈ నేరో గేజి దారి ఉప్పుకొఠార్ల నౌపడలో మొదలై, టెక్కలి మీదుగా, పాతపట్నం తాకి, సుమారు 40 కిలోమీటర్ల తర్వాత పర్లాకిమిడి చేరేది. 1930 ప్రాంతంలో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. వడ్లు, కొండ సరుకులు, ఉప్పు మోయడానికే వేసిన దారి అయినా, దానివల్ల జరిగిన మరో మేలు కాలేజీ పిల్లల రాకపోకలు. ఉత్తరాంధ్ర విద్యాచరిత్ర రాసినవారు జమీందారుల దానశాసనాలకు ఇచ్చినంత చోటు రైలు పట్టాలకు ఇవ్వకపోవడం ఒక లోటే, ఎందుకంటే ఏ ఊరి పిల్లవాడు ఏ కాలేజీలో తేలతాడన్నది అనేకచోట్ల ఆ ఊరికి ఏ స్టేషను దగ్గరన్న దాన్నిబట్టే జరిగింది.

పర్లాకిమిడి చదువులు ఎటువంటివో చెప్పాలంటే గిడుగు వెంకట రామమూర్తి పేరు తలచుకోక తప్పదు. 1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయుడిగా చేరి, అది కాలేజీ అయ్యాక అక్కడే చరిత్ర బోధించి, ముప్పై ఏళ్ళ కొలువు ముగించాడు. చుట్టుపక్కల కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకొని, వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పూనుకొని, ఆ భాషకు వ్యాకరణమూ నిఘంటువూ కూర్చాడు. విశ్వవిద్యాలయపు పరీక్షల్లో తెలుగు వ్యాసాలను గ్రాంథికంలో రాయాలా, శిష్టజనుల వాడుకభాషలో రాయాలా అన్న తగవును మద్రాసు దాకా తీసుకుపోయినది కూడా ఈ సెకండ్ గ్రేడ్ కాలేజీ పంతులే. ఇంగ్లీషు గట్టిగా వచ్చిన పిల్లవాడు తెలుగు వ్యాసం రాయలేక పరీక్ష తప్పుతున్నాడంటే ఆ తప్పు పిల్లవాడిది కాదు, పరీక్షదేనని ఆయన పక్షం వాదించింది. ఆ వాదం ఏటి ఒడ్డున, తెలుగు, ఒడియా, సవర మూడు భాషలూ ఒకే సంతలో వినిపించే చోట పుట్టడం కాకతాళీయం కాదనుకోవచ్చు. ఒక మనిషి నోట పలికే భాషకూ పుస్తకంలో ఉండే భాషకూ ఎంత దూరమో అటువంటి చోట రోజూ చెవిన పడుతూనే ఉంటుంది.

ఆంధ్రులకు ప్రత్యేక విశ్వవిద్యాలయం కావాలన్న కోరిక 1926లో చట్టరూపం దాల్చి, ఆ ఏడాది ఏప్రిల్‌లో బెజవాడ కేంద్రంగా ఆంధ్ర విశ్వవిద్యాలయం మొదలైంది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి ఉపాధ్యక్షుడు, అంటే నేటి మాటలో వైస్ ఛాన్సలర్. విశ్వవిద్యాలయపు శాశ్వత స్థానం బెజవాడా, రాజమహేంద్రవరమా, విశాఖపట్నంలోని వాల్తేరా అన్న వివాదం ఏళ్ళ తరబడి సాగి, చివరకు 1930లో అది వాల్తేరు చేరింది. ఈలోగా దత్తమండలాల వారు, అంటే నేటి రాయలసీమ జిల్లాల వారు, కోస్తా ఊళ్ళలో ఎక్కడ పెట్టినా తమకు దూరమేనని, మద్రాసే నయమని వెనక్కి మద్రాసు విశ్వవిద్యాలయంలోనే చేరిపోయారు. ఈ ఘట్టాన్ని సాధారణంగా ప్రాంతీయ కక్షల కథగా చెబుతారు గాని, పిల్లవాడిని చదివించుకునే తండ్రి కంటితో చూస్తే అందులో కక్ష కంటె లెక్క ఎక్కువ కనిపిస్తుంది. పరీక్షకు, పట్టాకు, పనిబడినప్పుడల్లా ఎంత దూరం ఎన్ని బళ్ళు మారి పోవాలన్నదే ఆ లెక్క. ఆ లెక్కలో అందరికంటె ఎక్కువ లాభపడినవారు ఉత్తర సర్కారు వారు. అప్పటిదాకా పైచదువంటే మద్రాసే అనుకున్న చికాకోలు (నేటి శ్రీకాకుళం), టెక్కలి, పాతపట్నం పిల్లలకు ఒకనాటి ప్రయాణంలో అందే చోటికి విశ్వవిద్యాలయమే నడిచి వచ్చింది.

వాల్తేరు విశ్వవిద్యాలయానికి నిలువెత్తు పోషకుడిగా నిలిచినవాడు జయపురం మహారాజు విక్రమదేవ వర్మ. ఆయన సంస్థానం నేటి ఒడిశాలోని కొరాపుట్ జిల్లాది. ఆయన స్వయంగా తెలుగులోనూ ఒడియాలోనూ సాహిత్యకారుడు. ఏటా లక్ష రూపాయల విరాళం ప్రకటించి విశ్వవిద్యాలయాన్ని నిలబెట్టినందుకు కృతజ్ఞతగా అక్కడి సైన్సు, టెక్నాలజీ కళాశాలకు ఆయన పేరు పెట్టారు. ఆంధ్రుల పేరుతో వెలసిన విశ్వవిద్యాలయానికి పునాదిసొమ్ము ఆనాటి ఉమ్మడి మన్యపు రాజ్యం నుంచి రావడం, తర్వాత కొద్ది ఏళ్ళకే ఆ రాజ్యం వేరే రాష్ట్రంలోకి పోవడం చూస్తే, గీత గీయకముందు ఈ ప్రాంతం ఎలా ముడివడి ఉండేదో అర్థమవుతుంది. బ్రిటిష్ ప్రభుత్వ దమనకాండకు నిరసనగా రామలింగారెడ్డి పదవి వదులుకోగా, 1931లో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఉపాధ్యక్షుడై అయిదేళ్ళపాటు దేశం నలుమూలల నుంచి యువ అధ్యాపకులను తెచ్చిపెట్టాడు. రసాయనశాస్త్రంలో టి.ఆర్. శేషాద్రి, భౌతికశాస్త్రంలో సూరి భగవంతం వంటివారు పనిచేసిన ఆ తొలినాళ్ళలో, పరీక్షలు పెట్టి ఊరుకునే విశ్వవిద్యాలయం పాఠం చెప్పి పరిశోధన చేయించే విశ్వవిద్యాలయంగా మారింది. తర్వాతి కాలంలో ప్రపంచ ప్రసిద్ధుడైన సంఖ్యాశాస్త్రవేత్త సి.ఆర్. రావు 1940లో గణితంలో ఎం.ఏ. పట్టా పుచ్చుకున్నది ఇక్కడే.

పాతపట్నం కథలో అసలు మలుపు 1936 ఏప్రిల్ 1. ఒడియా మాట్లాడే ప్రాంతాలన్నిటినీ కలిపి ఒక రాష్ట్రం చేయాలన్న ఉద్యమానికి పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి నాయకత్వం వహించాడు. ఆయన జమీందారీలో తెలుగువారు, ఒడియావారు, సవరలు కలగలిసి ఉండటం వల్ల దాన్ని ఎటు చేర్చాలన్న విషయం మీద ఓడానెల్ అధ్యక్షతన వేసిన సరిహద్దు సంఘం మొదలుకొని లండన్‌లోని పార్లమెంటు ఉమ్మడి సంఘం వరకు తర్జనభర్జన సాగింది. 1933 నాటి శ్వేతపత్రం పర్లాకిమిడినీ జయపురాన్నీ కొత్త రాష్ట్రానికి వెలుపలే ఉంచగా, మరుసటి ఏడాది ఉమ్మడి సంఘం జయపురం మొత్తాన్నీ, పర్లాకిమిడి జమీందారీలో పట్టణంతో కూడిన ఒక భాగాన్నీ ఒడిశాకు సిఫారసు చేసింది. జమీందారీ రెండు ముక్కలైంది: రాజు, కోట, కాలేజీ ఆ పక్కకు పోగా, పాతపట్నంతో సహా తెలుగు పల్లెలున్న పెద్ద భాగం మద్రాసు రాష్ట్రంలో మిగిలిపోయింది. మిగిలిన తెలుగు తాలూకాలను విశాఖపట్నం జిల్లాలో కలిపారు. 1950 ఆగస్టు 15న అవి శ్రీకాకుళం జిల్లాలో భాగమయ్యాయి. అర్ధశతాబ్దానికి పైగా పర్లాకిమిడిలో కాపురమున్న గిడుగు రామమూర్తి ఈ విభజనను సహించలేక ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం చేరాడు. గీత పడిన మరునాడు ఏరు, రైలు, ఊళ్ళోని అమ్మవారి గుడికి వచ్చే భక్తులు ఎప్పటిలాగే ఉన్నా, పాతపట్నం పిల్లవాడికి తన ఇంటికి అతి దగ్గరలోని కాలేజీ పరాయి రాష్ట్రపు కాలేజీ అయిపోయింది.

అయితే పట్టా మాత్రం వెంటనే పరాయిది కాలేదు. రాష్ట్రం ఏర్పడినంత సులువుగా విశ్వవిద్యాలయం ఏర్పడదు కాబట్టి, మరో ఏడేళ్ళపాటు కటకంలోని రావెన్షా కాలేజీ పట్నా విశ్వవిద్యాలయం కిందా, దక్షిణ ఒడిశాలోని బరంపురం, పర్లాకిమిడి కాలేజీలు ఆంధ్ర విశ్వవిద్యాలయం కిందా కొనసాగాయి. అంటే ఒడిశా కోసం పోరాడి గెలిచిన మహారాజు కాలేజీలో ఒడియా విద్యార్థులు వాల్తేరు నుంచి వచ్చిన ప్రశ్నపత్రాలకు జవాబులు రాశారు. ఈ వింతను సరిదిద్దే అవకాశం కూడా మహారాజుకే దక్కింది. 1941 చివర్లో ఆయన రెండోసారి ఒడిశా ప్రధాని (నేటి మాటలో ముఖ్యమంత్రి) పదవిలోకి రాగా, ఆ మంత్రివర్గం ఉన్న కాలంలోనే చట్టం వచ్చి 1943 నవంబరు 27న కటకంలో ఉత్కళ విశ్వవిద్యాలయం అవతరించింది. దక్షిణ ఒడిశా కాలేజీలు దాని కిందికి మారాయి. అదే సమయంలో ఇవతలి విశ్వవిద్యాలయం పరిస్థితి కూడా సజావుగా లేదు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద జపాను బాంబులు పడటంతో దాన్ని గుంటూరుకు తరలించారు. ఆ ఏళ్ళలో పాతపట్నం ప్రాంతంలో చదువు ముగించుకున్న ఒక కుర్రవాడి ముందున్న స్థితిని ఊహించుకుంటే, దగ్గరి కాలేజీ కటకం పరమైంది, తన విశ్వవిద్యాలయం గుంటూరు పోయింది.

స్వాతంత్ర్యం తర్వాతి పాతికేళ్ళలో ఎంపిక కొంత నిజమైన ఎంపికగా ఉండేదని చెప్పవచ్చు. ఉత్కళ విశ్వవిద్యాలయం కటకం వదిలి భువనేశ్వర్‌లోని వాణీ విహార్‌లో స్థిరపడింది. 1963 జనవరిలో ఆ ప్రాంగణాన్ని ప్రారంభించినది ఒకప్పుడు వాల్తేరును నిర్మించిన రాధాకృష్ణనే, రాష్ట్రపతి హోదాలో. 1967 జనవరి 2న బరంపురం విశ్వవిద్యాలయం ఏర్పడి, పర్లాకిమిడి కాలేజీ దాని పరిధిలోకి వచ్చింది. బరంపురం తెలుగువారికి కొత్త ఊరు కాదు. అక్కడ పుట్టి, అక్కడి ఖల్లికోట కాలేజీలో చదివిన వి.వి. గిరి తర్వాత రాష్ట్రపతి అయ్యాడు. ఊళ్ళో వ్యాపార వీథుల్లో తెలుగు నేటికీ వినిపిస్తుంది. ఇవతల 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక ఆంధ్ర, శ్రీ వేంకటేశ్వర, ఉస్మానియా అని మూడు విశ్వవిద్యాలయాలు రాష్ట్రాన్ని పంచుకున్నాయి. ఇల్లు కదలలేనివారి కోసం ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో కరస్పాండెన్స్ కోర్సులు మొదలుపెట్టింది. పోస్టులో పాఠాలు తెప్పించుకొని చదివి, పరీక్షకు మాత్రమే ఊరు కదిలే ఈ పద్ధతి సరిహద్దు మండలాల్లోని బడిపంతుళ్ళకు, చిన్న ఉద్యోగులకు, పెళ్ళయి చదువాగిన ఆడపిల్లలకు పట్టా దారి చూపింది. దాని పాలు ఈ చరిత్రలో పెద్దదే అయినా, ఎంపిక అన్న ప్రశ్నకు అది చేరదు.

ఆ నిజమైన ఎంపికకు అడ్డుకట్ట పడినది రాష్ట్ర సరిహద్దు వల్ల కాదు, రాష్ట్రం లోపలి తగాదా వల్ల. 1969 తెలంగాణ, 1972 జై ఆంధ్ర ఉద్యమాల తర్వాత కుదిరిన ఆరు సూత్రాల పథకాన్ని అమలు చేయడానికి రాజ్యాంగంలో 371-డి అధికరణం చేర్చి, దాని కింద 1974లో విద్యాసంస్థల ప్రవేశాలకు రాష్ట్రపతి ఉత్తర్వు వెలువరించారు. ఆ ఉత్తర్వు రాష్ట్రాన్ని మూడు లోకల్ ఏరియాలుగా, అంటే స్థానిక ప్రాంతాలుగా విడగొట్టి, వాటికి మూడు విశ్వవిద్యాలయాల పేర్లే పెట్టింది. శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఉన్న జిల్లాలు ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం. ఒక ప్రాంతంలోని సీట్లలో నూటికి 85 ఆ ప్రాంతపు లోకల్ అభ్యర్థులకు, తక్కిన 15 అందరికీ. విశ్వవిద్యాలయం పేరు అంతవరకు ఒక సంస్థకు గుర్తు. ఇక మీదట అది పిల్లవాడి పుట్టుమచ్చ లాంటిదయింది, చదవబోయే చోటును కాక చదివి వచ్చిన చోటును చెప్పేదయింది.

లోకల్ అంటే ఆ ఊళ్ళో పుట్టినవాడని గాని, అక్కడ ఇల్లూ పొలమూ ఉన్నవాడని గాని ఉత్తర్వు అర్థం కాదు. అర్హత పరీక్షతో ముగిసే నాలుగు వరుస విద్యాసంవత్సరాలు ఆ ప్రాంతంలో చదివినవాడే లోకల్. ఇంటర్మీడియట్‌ను అర్హత పరీక్షగా తీసుకుంటే, తొమ్మిది, పది తరగతులు, జూనియర్ ఇంటర్, సీనియర్ ఇంటర్ కలిసి ఆ నాలుగేళ్ళవుతాయి. అవి ఒకే ప్రాంతంలో కుదరనివారికి ఏడేళ్ళ లెక్క ఒకటి ఉన్నా, ఆ ఏడేళ్ళూ రాష్ట్రం లోపల చదివి ఉండాలన్నది దాని షరతు. తూర్పుగోదావరి నుంచి కర్నూలుకు బదిలీ అయిన గుమాస్తా కొడుకును ఆదుకోవడానికి చేసిన ఈ ఏర్పాటు ఏటి అవతలి బడిలో చదివిన పాతపట్నం పిల్లవాడిని ఆదుకోలేకపోయింది. మేనమామ ఇల్లు పర్లాకిమిడిలో ఉందనో, అక్కడ సైన్సు బాగా చెబుతారనో పదో తరగతి తర్వాత రెండేళ్ళు అవతల ప్లస్ టూ చదివితే నాలుగేళ్ళ లెక్కా తప్పుతుంది, ఏడేళ్ళ లెక్కా తప్పుతుంది. తల్లిదండ్రులు పదేళ్ళుగా రాష్ట్రంలో కాపురమున్నారన్న రుజువు చూపి, రాష్ట్రమంతా పోటీపడే ఆ నూటికి 15 సీట్లలో చోటు వెతుక్కోవలసి వస్తుంది. పదిహేడేళ్ళ వయసులో కూర్చొని ఆలోచించవలసిన విశ్వవిద్యాలయం సంగతి, ఎనిమిదో తరగతి సెలవుల్లో, పదమూడేళ్ళ పిల్లవాడిని ఏ బడికి పంపాలన్న మాట అనుకున్నప్పుడే తేలిపోతుందన్నమాట. సరిహద్దు ఊళ్ళ తల్లిదండ్రులకు సలహా చెప్పేవారు తరచు మరిచేది ఈ సంగతినే.

ఈ ఉత్తర్వు ఇళ్ళలో ఏ రూపంలో ఉంటుందో తెలుసుకోవాలంటే ఇంటర్ ముగిసిన పిల్ల ఉన్న ఏ ఇంట్లోనైనా బీరువా తెరిస్తే చాలు. ప్లాస్టిక్ ఫైలులో వరుసగా పదో తరగతి మార్కుల జాబితా, టీసీ, కులధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలతోపాటు స్టడీ సర్టిఫికెట్లు ఉంటాయి. ఒక్కొక్క బడి ఇచ్చిన అరఠావు కాగితం మీద నిలువు గళ్ళలో తరగతి, విద్యాసంవత్సరం, బడి ఉన్న ఊరు రాసి, కింద ప్రధానోపాధ్యాయుడి సంతకం, ఊదారంగు గుండ్రటి ముద్ర. ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా గళ్ళలో ఎక్కడా ఖాళీ రాకూడదు. మధ్యలో బడి మారితే రెండు కాగితాలు, మూతపడిన ప్రైవేటు బడిలో చదివి ఉంటే మండల విద్యాధికారి కార్యాలయం చుట్టూ ప్రదక్షిణలు. అవతలి ఒడ్డున చదివినవారి ఫైలు మరింత లావు: ఒడిశా బోర్డు మైగ్రేషన్ సర్టిఫికెట్, ఆ చదువు మన ఇంటర్‌కు సమానమని చెప్పే ధ్రువపత్రం దానికి జతపడతాయి. మార్కుల జాబితా పిల్ల ఎంత చదివిందో చెబితే, స్టడీ సర్టిఫికెట్ ఎక్కడ చదివిందో మాత్రమే చెబుతుంది. కౌన్సెలింగు బల్ల దగ్గర మొదట అడిగేది తరచు రెండోదాన్నే.

పట్టా తర్వాతి బతుకు కూడా ఈ గీతల వెంటే నడుస్తుంది. 1975 నాటి మరో రాష్ట్రపతి ఉత్తర్వు ప్రభుత్వోద్యోగాలను జిల్లాలుగా, జోన్లుగా పంచి, లోకల్ అన్న మాటకు మళ్ళీ నాలుగేళ్ళ చదువు లెక్కనే ఆధారం చేసింది. అవతల ఒడిశా ప్రభుత్వోద్యోగానికి ఒడియా చదవడం, రాయడం రావాలని, కనీసం మధ్య పాఠశాల స్థాయిలో ఒడియా ఒక భాషగా పాసై ఉండాలని నియమం ఉంది. ఇంట్లో తెలుగు, సంతలో ఒడియా సమానంగా మాట్లాడే పాతపట్నం పిల్లవాడికి మాట్లాడే ఒడియా సరిపోదు. పరీక్ష పాసైన ఒడియా కావాలి. నోటి భాష కంటె కాగితం మీది భాషకే విలువ ఎక్కువన్న ఈ పద్ధతి చూస్తే, వందేళ్ళ కిందట అవతలి ఒడ్డు కాలేజీలో ఒక పంతులు దేనిమీద పోట్లాడాడో గుర్తుకు వస్తుంది.

ఈమధ్య కాలంలో ప్రశ్న రూపం మళ్ళీ మారింది. 2008లో ఎచ్చెర్లలోని ఆంధ్ర విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రం డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం అయి, శ్రీకాకుళం జిల్లా డిగ్రీ కాలేజీలు దాని కిందికి వచ్చాయి. ఒకే కాలేజీలో, ఒకే బెంచీ మీద చదివిన అన్నకు ఆంధ్ర విశ్వవిద్యాలయం పట్టా, చెల్లికి అంబేద్కర్ విశ్వవిద్యాలయం పట్టా వచ్చాయి. పాత పేరుకున్న మోజు తగ్గడానికి చాలా ఏళ్ళు పట్టింది, పూర్తిగా తగ్గిందనడం కూడా కష్టమే. అయినా ఇంటికి దగ్గరగా, హాస్టలు ఖర్చు లేకుండా పీజీ దాకా చదివించగలిగే చోటు జిల్లాలోనే దొరకడం ముఖ్యంగా ఆడపిల్లల చదువుకు అక్కరకొచ్చింది. విజయనగరంలో 2019లో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం వచ్చింది. 2021 నుంచి పీజీ ప్రవేశాలకు రాష్ట్రమంతటికీ ఒకే పరీక్ష, డిగ్రీ ప్రవేశాలకు ఆన్‌లైన్ దరఖాస్తు వచ్చి, విశాఖా, ఎచ్చెర్లా, మరొకటా అన్న ప్రశ్న ఫోను తెర మీద మీట నొక్కే వరుసక్రమంగా మారింది. ఏ పేరు పైన పెట్టాలి, ఏది కింద పెట్టాలి అన్నదాని మీదనే ఇప్పుడు ఇళ్ళలో వాదన. అవతలి ఒడ్డు మాత్రం ఆ తెర మీద కనిపించదు. దానికి వేరే రాష్ట్రపు వేరే తెర ఉంది.

రాజా గౌరచంద్ర వేయించిన చిన్న రైలు 2004లో ఆగిపోయి, 2011లో బ్రాడ్ గేజిగా తిరిగి నడవసాగింది. గుణుపురంలో బయలుదేరే బండి ఒకటి విశాఖపట్నం పోతుంది, మరొకటి పూరీ వైపు పోతుంది. పర్లాకిమిడిలోనో పాతపట్నంలోనో ఎక్కిన పిల్లలు వేర్వేరు వేళల్లో వేర్వేరు బళ్ళలో కూర్చున్నా, టెక్కలి మీదుగా నౌపడ దాకా ఒకే పట్టాల మీద ప్రయాణిస్తారు. నౌపడలో మెయిన్ లైను తగిలిన తర్వాత విశాఖ బండి దక్షిణానికి, పూరీ బండి పలాస, బరంపురాల మీదుగా ఉత్తరానికి సాగిపోతాయి.